గవ్వల చుట్టూ అల్లుకున్న పనులు

అష్టాచెమ్మా బట్ట కుట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది గడి వెడల్పు. అడ్డంగా 5, నిలువుగా 5, మొత్తం 25 గడులు. వాటిలో అయిదింటికి ఇంటూ గుర్తు ఉంటుంది. నాలుగు వైపులా నడిమి గడులకు ఒక్కొక్కటి, అన్నిటికీ మధ్యనున్న గడికి ఒకటి. ఇంటూలో కూర్చున్న కాయను ఎవరూ చంపలేరు, అక్కడ ఎన్ని కాయలైనా చేరవచ్చు. నలుగురు ఆడితే 16 కాయలు తిరుగుతాయి. గడి మూడంగుళాలకు తగ్గిందంటే కాయలు ఒకదాని మీదొకటి ఎక్కి, ఏది ఇంటూలో ఉందో ఏది పక్క గడిలో ఉందో తెలియక తగువు మొదలవుతుంది. అందుకే మూడంగుళాల గడి, చుట్టూ రెండంగుళాల అంచు, వెరసి 19 అంగుళాల చదరం. రెండు పొరల నూలు గుడ్డ చాలు. గీతలకు గొలుసు కుట్టు వేస్తే వేలికి తగులుతూ ఉంటుంది, చీకట్లోనూ గడి తెలుస్తుంది. అంచు మడిచి అందులో బొందు దూరిస్తే, ఆట అయ్యాక నాలుగు మూలలూ దగ్గరకు లాగి కాయలూ గవ్వలూ ఆ బట్టలోనే మూటగట్టి చిలక్కొయ్యకు తగిలించుకోవచ్చు.

మాది రాంబిల్లి. కుట్టుమిషను తొక్కుతూనే ఇన్నేళ్లూ ఇల్లు నడిపాను. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టగా మిగిలిన ముక్కలతో ఈ ఆటబట్టలు మొదలయ్యాయి. విశాఖలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసే పిల్లలు పండక్కి వచ్చి పట్టుకెళ్తుంటారు. వాళ్లలో చాలామంది అడిగేది ఒకటే. “పిన్నీ, మాకు బోర్డు ఆటలంటే ప్రాణం. నలుగురం కలిసినరోజు ఆడతాం. కలవనిరోజు ఏం చేయాలి?” వాళ్లకు నిలబడి చెప్పినదాన్నే ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. నలుగురూ చేరి ఆడే సమయం ఎప్పుడూ కొంచెమే. ఆ కొంచెం సమయం నిండుగా ఉండాలంటే, మిగిలిన రోజుల్లో ఆ ఆటకోసం చేతులో, కాళ్లో, బుర్రో ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. కాయ చెక్కడం, గవ్వ ఏరడం, లెక్క కట్టడం, ముసలివాళ్లను అడిగి రాసుకోవడం ఇవన్నీ ఆటకు పక్కనుండే పనులు అనుకుంటారు. నా దృష్టిలో ఆటలో సగం ఇవే.

కుట్టు సంగతి చెప్పాను కాబట్టి పచ్చీసు బట్ట గురించి కూడా ఒక మాట. దానికి నాలుగు రెక్కలు, ఒక్కో రెక్కలో మూడు వరసలు, వరసకు ఎనిమిది గడులు. అంటే రెక్కకు 24, మొత్తం 96. ఫతేపూర్ సీక్రీలో అక్బరు కోట ముంగిట నేలమీద ఈ పటమే పరిచి ఉంటుంది. అంత పెద్దది మనకక్కర్లేదు గానీ, పచ్చీసు పటాన్ని గుడ్డమీద కుట్టుకోవడం మన దేశంలో పాత అలవాటు. ఆడేది అట్టముక్క మీద కాకుండా తన చేత్తో కుట్టిన గుడ్డ మీద అయితే, ఓడిపోయినవాడు కూడా దాన్ని చుట్టిపెట్టేటప్పుడు జాగ్రత్తగా చుడతాడు. ఇది నేను మా ఇంట్లోనే చూశాను.

గవ్వల దగ్గరకు వద్దాం. మా ఊరికి సముద్రం దగ్గర. తెల్లవారి ఆటు మీద ఉన్నప్పుడు తడి ఇసక వెంబడి నడవడం ఈ ఆటలు ఇష్టపడేవాళ్లకు మంచి వ్యాపకం. గవ్వలతో పాటు రకరకాల ఆలిచిప్పలు, చిన్న శంఖాలు దొరుకుతాయి. పులి-మేక ఆటలో పులికీ మేకకీ వేరువేరు రంగు కాయలు కావాలంటే అంగడికి వెళ్లనక్కర్లేదు. అయితే ఏరేవాళ్లు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. లోపల జీవి ఉన్నదాన్ని తీయకూడదు. కొన్ని రకాల శంఖాలకూ గవ్వలకూ వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉంది కాబట్టి పెద్దవీ అరుదైనవీ కనపడితే చూసి వదిలేయాలి. మూడోది పిల్లలకు గట్టిగా చెప్పాల్సింది: శంకువులా ఒకవైపు సన్నగా ఉండి, ఒంటినిండా చారలో మచ్చలో ఉన్న నత్త బతికి ఉందంటే దాన్ని చేత్తో పట్టుకోకూడదు. అది విషపు ముల్లు విసురుతుంది, ఆ విషానికి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి.

మనం ఆటకు వాడే చిన్న తెల్లగవ్వకు పెద్ద చరిత్రే ఉంది. మాల్దీవుల నుంచి ఓడల్లో ఎక్కించుకుని వచ్చిన ఈ గవ్వలే బెంగాల్లో, ఒరిస్సాలో శతాబ్దాలపాటు చిల్లర డబ్బుగా చెలామణి అయ్యాయి. మనకు ఉత్తరాన ఒరిస్సాలోని ఖుర్దాలో 1817లో పైకులనే స్థానిక సైనికులు తిరగబడ్డారంటే, దానికున్న కారణాల్లో ఒకటి ఈస్టిండియా కంపెనీ గవ్వల చెలామణి తీసేసి పన్నులు వెండి రూపాయల్లో కట్టమనడం. గుప్పెట్లో గవ్వలు గలగలలాడించేటప్పుడు ఈ సంగతి చెబితే పిల్లలు కాసేపు ఆట ఆపి వింటారు. చరిత్ర పుస్తకం చదవడం ఆటకు జోడీ వ్యాపకం ఎలా అవుతుందని అడిగేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

గవ్వల్లో ఉన్న లెక్క నాకు మరీ ఇష్టం. నాలుగు గవ్వలు విసిరితే అవి పడే తీరులు 16. ఒక్కటే వెల్లకిలా పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4. నాలుగూ వెల్లకిలా పడి చెమ్మా అయ్యేది ఒకటి, నాలుగూ బోర్లా పడి అష్టా అయ్యేది ఒకటి. అంటే చెమ్మా గానీ అష్టా గానీ పడి మళ్లీ విసిరే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. రెండు పడే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ. దీన్నిబట్టి ఆటలో తెలియాల్సింది ఏమిటంటే, ఎదుటివాళ్ల కాయకు సరిగ్గా రెండు గడుల ముందు మన కాయ కూర్చుంటే దానికి గండం ఎక్కువ. నాలుగు గడుల ముందు కూర్చుంటే చాలామటుకు నిశ్చింత. మా అత్త బడి మొహం చూడలేదు. ఈ లెక్క కాగితం మీద ఎవరూ ఆమెకు చెప్పలేదు. కానీ ఎప్పుడూ తన కాయను నా కాయకు రెండు ముందు పెట్టేది కాదు. “రెండు మీద కూకోకే గుంటా, చచ్చిపోతావు” అనేది.

ఈ లెక్క గవ్వ రెండువైపులా సమానంగా పడుతుందని అనుకుని కట్టింది. నిజం గవ్వ అలా పడదు. ఒక్కోదాని బొడిపె ఒక్కో తీరు, ఒక్కోదాని బరువు ఒక్కో తీరు. గచ్చు మీద విసిరితే ఎగిరి దొర్లుతుంది, గుడ్డ మీద తొందరగా ఆగుతుంది, ఇసక మీద ఎలా పడితే అలాగే ఉండిపోతుంది. మీ దగ్గరున్న గవ్వను పట్టుకుని ఒక వందసార్లు విసిరి, ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో నోటుబుక్కులో గీతలు పెట్టుకోండి. మిగతా మూడింటికీ అలాగే చేయండి. అప్పుడు పైన చెప్పిన పదహారు తీరుల్లో ఏది నిజంగా ఎక్కువొస్తుందో మీ గవ్వలకే ప్రత్యేకమైన లెక్క దొరుకుతుంది. ఏడో తరగతి పిల్లలకు సంభావ్యత అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. వానాకాలం మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఒక్కరే కూర్చుని చేసుకోగలిగిన పని కూడా.

కాయల కోసం మాకు ఏటికొప్పాక ఉంది. యలమంచిలి దాటి వరాహ నది ఒడ్డుకు వెళ్తే ఊరంతా లేత్ మిషన్ల చప్పుడే. అంకుడు కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలి ఆనిస్తారు. అనుకున్న ఆకారం వచ్చాక తిరుగుతున్న కర్రకే రంగు కలిపిన లక్కను అదిమి పడతారు. ఆ రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకు పెట్టి రుద్దితే అద్దంలా మెరుపొస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి చెట్టు రంగులను లక్కకు మళ్లీ అలవాటు చేయడంలో సి.వి.రాజు గారి కృషి పెద్దది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

ఆటలు ఇష్టపడేవాళ్లు అక్కడికి వెళ్తే బొమ్మ కొనుక్కుని వచ్చేయకూడదు. లేత్ పక్కన కాసేపు కూర్చోవాలి. లేత్ మీద పుట్టేది ఏదైనా గుండ్రంగానే ఉంటుంది. అందుకే చదరంగం కాయల్లో బంటు, ఏనుగు, శకటు, మంత్రి, రాజు ఇవన్నీ చాలామటుకు లేత్ మీదే వస్తాయి. గుర్రం ఒక్కటే రాదు, దాన్ని ఉలితో విడిగా చెక్కాలి. చదరంగం పెట్టె మంచిదో కాదో తెలియాలంటే ముందు గుర్రం మొహం చూడమని పనితనం తెలిసినవాళ్లు అంటారు. ప్రపంచమంతా వాడే పోటీ కాయలకు పేరుగాంచిన స్టాంటన్ నమూనా 1849లో లండన్‌లో అమ్మకానికి వచ్చింది. దానికీ ఇదే సూత్రం. అష్టాచెమ్మా కాయకైతే ఇంత హంగు అక్కర్లేదు. ముప్పావు అంగుళం ఎత్తు, అడుగు చదునుగా, నడుం సన్నగా ఉంటే రెండు వేళ్లకు చక్కగా అందుతుంది. నాలుగు రంగులు చెప్పి చేయించుకోండి. కర్ర పని మీద మనసుంటే సొంతంగా నేర్చుకోవచ్చు కూడా, అంకుడు మెత్తని కర్ర, కొత్తచేతిని కూడా సహిస్తుంది.

కర్రా, గవ్వా రెండూ వద్దనుకుంటే పిక్కలు. మా వైపు జీడితోటలు ఎక్కువ, జీడిపిక్కలతో ఆడని పిల్ల లేదు ఒకప్పుడు. వామనగుంటలకు చింతపిక్కలు. ఏడేసి గుంటలు రెండు వరసలు, మొత్తం 14. ఒక గుంటలో పిక్కలు తీసి వరసగా ఒక్కోటి పంచుకుంటూ పోవడం. ఇదే పద్ధతి ఆటలు ఆఫ్రికాలో పశ్చిమాన ‘ఒవారె’ అనీ, తూర్పున ‘బావో’ అనీ ఉన్నాయి. ఇసక దిబ్బల మీద పాకే గచ్చతీగ కాయల్లో నున్నని బూడిదరంగు గింజలుంటాయి, అవి చేతికి ఎంత హాయిగా ఉంటాయో! గింజలు ఏరి, ఏ చెట్టుదో రాసి సీసాల్లో దాచుకోవడం ఒక వ్యాపకంగా పెట్టుకున్నవాళ్లు చెట్లను చూసే తీరే మారిపోతుంది. గురివింద గింజలు మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లో ఆటకు పెట్టకండి. చూడటానికి ఎర్రగా ముద్దుగా ఉన్నా, నమిలితే ప్రాణాంతకం.

ముగ్గు వేసేవాళ్లకు ఈ ఆటలు వేరే నేర్పనక్కర్లేదు. చుక్కలు సమంగా పెట్టడం వచ్చిన చేతికి పులి-మేక పటం ఒక్క నిమిషం పని. పైన ఒక శిఖరం, అక్కడినుంచి కిందికి నాలుగు గీతలు, వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, ఆ అడ్డగీతల కొసలను కలుపుతూ అటూ ఇటూ నిలువు గీతలు, అడుగున ఒక గీత. గీతలు కలిసే చోట్లు లెక్కపెడితే 23. మూడు పులులు, పదిహేను మేకలు. చుక్కల ముగ్గులో ఉన్న క్రమాన్ని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి 1970లలో గణితంగా పరిశోధించారు. ఆయనా ఆయన తోటివారూ రాసిన పత్రాలను కంప్యూటరు శాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ ప్రస్తావిస్తారు. వాకిట్లో మన ఆడవాళ్లు రోజూ చేసే పని అంత దూరం వెళ్లిందంటే నాకు గర్వంగా ఉంటుంది. నేపాలీయులు పులి-మేకకు తోబుట్టువు లాంటి ‘బాగ్‌చాల్’ ఆడతారు. దానికి నాలుగు పులులు, ఇరవై మేకలు. ఇద్దరూ ఎక్కడా పొరపడకుండా ఆడితే ఆ ఆట సమంగా ముగుస్తుందని కంప్యూటరు మీద లెక్కగట్టి తేల్చారు. మన మూడు పులుల ఆటను కూడా అంత శ్రద్ధగా ఎవరైనా మన పిల్లలు తేలిస్తే చూడాలని ఉంది.

ఇక ఆరుద్ర గారి గురించి చెప్పకుండా నేను ముందుకు పోలేను. మాకు పక్కనే ఉన్న యలమంచిలిలో 1925 ఆగస్టు 31న పుట్టారు. భాగవతుల సదాశివశంకర శాస్త్రి అసలు పేరు. ‘త్వమేవాహం’ రాసిన కవిగా, సినిమా పాటల రచయితగా, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు తయారుచేసిన పరిశోధకుడిగా అందరికీ తెలుసు. ఆయనకు చదరంగం మీద మహా మక్కువ, దాని గురించి రాశారు కూడా. అపరాధ పరిశోధక నవలలు రాశారు. తెలుగు పత్రికల పాఠకులకు గళ్లనుడికట్టు అలవాటు చేసినవారిలో ఆయన ముందుంటారు. వీటిని విడివిడిగా చూస్తే ఒక మనిషి ఇన్ని పనులెలా చేశాడా అనిపిస్తుంది. కలిపి చూస్తే నాకు ఒకే పని కనిపిస్తుంది. చదరంగంలో ఎదుటివాడి ఎత్తు వెనక ఉన్న ఉద్దేశం వెతకాలి. డిటెక్టివు కథలో జాడ వెనక ఉన్న మనిషిని వెతకాలి. గళ్లనుడికట్టులో ఆధారం వెనక ఉన్న మాటను వెతకాలి. పాత కవి కాలం తేల్చేవాడు పద్యాల మధ్య దొరికే చిన్న చిన్న సూచనలు పట్టుకుని వెనక్కి నడవాలి. దాగున్నదాన్ని నియమాల ప్రకారం బయటికి లాగే ఓపిక ఒక్కటే వీటన్నిటికీ కావాల్సింది. బోర్డు ఆటలు ఇష్టపడేవాళ్లకు ఏ వ్యాపకాలు నప్పుతాయని ఎవరైనా అడిగితే, వాదించకుండా ఆయన జీవితం చూపిస్తే సరిపోతుంది.

గళ్లనుడికట్టు పూరించడం సరే, తయారుచేయడం మొదలుపెట్టండి. చిన్నగా, 5 గడుల చదరంతో. తెలుగులో ఒక్కో గడికి ఒక్కో అక్షరం గుణింతంతో, వత్తుతో సహా ఇమడాలి. అడ్డం మాటలోని ‘కి’ నిలువు మాటలోనూ ‘కి’ గానే ఉండాలి, ‘క’ అయితే కుదరదు. అందువల్ల మొదట మూడక్షరాల మాటలు, అందులోనూ దీర్ఘాలూ వత్తులూ తక్కువున్నవి తీసుకుంటే సులువు. నల్లగడులు ఎక్కడ పెట్టాలో తెలియడానికి కొన్నాళ్లు పడుతుంది. ఆటబట్ట మీద గడులు ఎలా పంచాలో తెలిసిన నాలాంటివాళ్లకు ఇది కొత్తగా అనిపించలేదు. ఒంటరిగా ఉన్న సాయంత్రాలకు నాకు ఇది పెద్ద తోడు.

కాలినడక ఇష్టమైనవాళ్లకు మా మండలంలోనే పంచదార్ల ఉంది. కొండ కింద ధర్మలింగేశ్వరుడి గుడి, కొండలోంచి ఊరే నీటిధారలు. ఈ సీమను యలమంచిలి చాళుక్యులు ఏలిన పదిహేనో శతాబ్దపు శాసనాలు ఆ గుడి స్తంభాల మీద ఉన్నాయి. కొత్తూరు ధనదిబ్బల దగ్గర అంతకంటే ఎంతో పాతవైన బౌద్ధ శిథిలాలున్నాయి. పాత గుళ్లు చూసే అలవాటున్నవాళ్లు శిఖరంతో పాటు నేలను కూడా చూడాలి. దక్షిణాదిలో చాలా గుళ్ల మండపాల్లో, అరుగుల మీద, మెట్ల మీద పులి-మేక పటాలో, దాడి పటాలో, గుంటల వరసలో చెక్కి ఉంటాయి. రాయి కొట్టినవాళ్లు, కాపలా ఉన్నవాళ్లు, ఉత్సవానికి వచ్చి రాత్రి నిద్రచేసినవాళ్లు ఆడుకున్నవి అయి ఉండాలి. ఇంగ్లండులోని పాత చర్చిల రాతి అరుగుల మీద కూడా మన దాడి పటమే కనిపిస్తుంది. ఒకదానిలో ఒకటి మూడు చదరాలు, 24 చోట్లు, మనిషికి 9 కాయలు. వాళ్లు దాన్ని ‘నైన్ మెన్స్ మోరిస్’ అంటారు. కనపడ్డ పటాన్ని ఫోటో తీసి, పక్కన ఒక స్కేలు పెట్టి, ఏ మండపంలో ఏ మూలనో రాసుకోండి. సున్నం కొట్టేటప్పుడో, కొత్త బండలు పరిచేటప్పుడో అవి పోతాయి. వాటిని శాసనాల్లా ఎవరూ లెక్కపెట్టి ఉంచరు.

కొత్తరకం ఆటల గురించి కూడా చెప్పాలి. మా తమ్ముడి కూతురు బెంగళూరు నుంచి ‘కటాన్’ తెచ్చింది. 1995లో జర్మనీలో క్లాస్ టోయిబర్ తయారుచేసిన ఆట. ఆరు మూలల పలకలు పేర్చి దీవి కట్టి, ఇటుకలూ గొర్రెలూ గోధుమలూ మార్చుకుంటూ ఊళ్లు కడతారు. “అత్తా, దీనికి కూడా సంచి కుట్టిపెట్టవా?” అంది. కుట్టాను. అలాంటి పెద్ద పెట్టెల ఆటలు ఆడేవాళ్లు వేలెడు లేని బొమ్మలకు సన్న కుంచెలతో రంగులేయడం, పెట్టె లోపల అరలు చేసుకోవడం వంటి పనులు ఇష్టంగా చేస్తారట. మంచిదే. మన పాత ఆటలకు కూడా అంతటి శ్రద్ధ చూపించేవాళ్లు ఉన్నారు. చెన్నైలో వినీతా సిద్ధార్థ మొదలుపెట్టిన ‘క్రీడా’ సంస్థ, మైసూరులో రాంసన్స్ కళా ప్రతిష్ఠాన ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నాయి. మైసూరు వాళ్లు పెట్టే ప్రదర్శనల్లో పచ్చీసు పటాలను మన శ్రీకాళహస్తి కలంకారీలో చేయిస్తే ఎంత బాగుంటుందో చూసినవాళ్లకు తెలుస్తుంది.

డబ్బు పెట్టి ఆడటాన్ని మాత్రం నేను ఏ వ్యాపకానికీ జోడీగా ఒప్పుకోను. పందెం వచ్చిన చోట గవ్వ అందం పోతుంది, ఎదుటి మనిషి మొహం కూడా కనిపించదు. మా వీధిలో పేకాట వల్ల ఆరిపోయిన పొయ్యిలు చూసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అన్నిటిలోకీ నాకు ముఖ్యమైన వ్యాపకం చివరికి మిగిల్చాను. అది నియమాలు రాసుకోవడం. మా అత్త ఆటలో, ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపకుండా లోపలి వరసలోకి వెళ్లడానికి లేదు. బయటి 16 గడులూ చుట్టి వచ్చినా మళ్లీ చుట్టాల్సిందే. నర్సీపట్నం వైపు మా పుట్టింట్లో ఆ నియమం లేదు. ఎవరినీ చంపకుండా కూడా కాయ పండించుకోవచ్చు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు దీనిమీద మా ఇద్దరికీ పెద్ద వాదన అయింది. “ఏటే, ఎవుర్నీ సంపకుండా పండిపోతావా? అదేటాట?” అనేది మా అత్త. కుట్టుకు వచ్చిన ఆడవాళ్లను అడగడం అప్పుడే మొదలుపెట్టాను. కొలతలు తీసుకుంటూ, మీ ఊళ్లో ఎలా ఆడతారు అని. జవాబులన్నీ వేరువేరు. కొందరికి రెండు కాయలు ఒకే గడిలో ఉంటే జంట, దాన్ని చంపాలంటే జంటే రావాలి. కొందరికి వరసగా మూడు చెమ్మాలు పడితే అవి చెల్లవు. ఇంకొందరికి మధ్య గడిలోకి సరిగ్గా అంతే పడాలి, ఎక్కువ పడితే ఆగాలి.

అడగ్గా అడగ్గా నాకొకటి అర్థమైంది. ఒకే వీధిలో పక్క పక్క ఇళ్లలో కూడా నియమాలు వేరుగా ఉంటాయి, ఎందుకంటే అవి కోడళ్లతో వస్తాయి. ప్రతి ఆడపిల్లా అమ్మ నేర్పిన ఆటను పుట్టింటినుంచి తెచ్చుకుంటుంది. అత్తింట్లో అది గెలుస్తుంది, ఓడుతుంది, లేదంటే రెండూ కలిసి మూడోది అవుతుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో పాత కావ్యాల్లోంచి మనవాళ్ల ఆటలు ఏరి రాశారు. 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన పుస్తకం అది. కావ్యాల్లో లేనివి మన ఇళ్లల్లో ఉన్నాయి. వాటిని మనమే రాయాలి.

నా నోటుబుక్కులో ఒక్కో పేజీకి ఒక్కో మనిషి. ఆట పేరు, ఆమె పుట్టిన ఊరు, ఎవరు నేర్పారు, ఎంతమంది ఆడతారు, కాయలెన్ని, ఎప్పుడు చంపొచ్చు, ఎలా పండుతుంది, ఓడినవాళ్లు ఏం చేయాలి. పటం బొమ్మ తప్పనిసరి, మాటలతో చెబితే గీత ఎటు వెళ్లిందో తర్వాత తెలియదు. చెప్పేవాళ్ల మాటను సవరించకుండా వాళ్లన్నట్టే రాస్తాను. చెప్పించుకుంటే సరిపోదు, ఒక ఆటైనా వాళ్లతో కూర్చుని ఆడాలి. నోటికి రాని నియమాలు చేతికి వస్తాయి, “ఆగాగు, అలా పెట్టకూడదు” అని అప్పుడు బయటపడతాయి. వేయించిన వేరుసెనగలు దగ్గర పెట్టుకుంటే ముసలమ్మలు తొందరపడరు. నూనె పిండివంటలు వద్దు, గుడ్డకు మరకలు పోవు.

మగవాళ్ల ఆటలు నాకు ఇంకా సగమే దొరికాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తీరంలో మరపడవల వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. పడవలు ఒడ్డెక్కాక వాడనర్సాపురం వైపు వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవాళ్లు ఎండ ఎక్కేసరికి నీడపట్టున పులి-మేక గీస్తారు. మా మరిది వరస ఒకాయన, పులి దారి దొరికితే ఒక ఎత్తులోనే రెండు మేకల్ని వరసగా దూకి తినొచ్చు అంటాడు. వాళ్ల అన్న ఒక ఎత్తుకు ఒక్కటే అంటాడు. ఇద్దరూ ఒకే తండ్రి దగ్గర నేర్చుకున్నవాళ్లు. రెండు మేకలు ఒకేసారి పోతే పదిహేను మేకలు పులుల్ని కట్టడి చేయడం చాలా కష్టం, అప్పుడు మేకలు పెట్టే వరసే మారిపోవాలి. ఈ వేట విరామంలో వాళ్లిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకసారి ఆయన నియమంతో, ఒకసారి ఈయన నియమంతో ఆడించి రాసుకోవాలి.